ల్యాబుల్లో వైఫై పీకేయకండి, సర్దండి: విశ్వవిద్యాలయాల అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల రిజిస్ట్రార్లకు, కంప్యూటర్ సెంటర్ అధిపతులకు, ఎస్టేట్ విభాగం ఇంజినీర్లకు,

నమస్కారం.

క్యాంపస్ అంతటా వైఫై వేసేటప్పుడు ల్యాబ్ బ్లాకుల విషయంలో మామూలుగా రెండే పనులు జరుగుతుంటాయి. హాస్టల్లో ఎలా బిగించారో ల్యాబులోనూ అలాగే గదికొక వైఫై డబ్బా, ఫుల్ పవర్‌లో బిగించేయడం మొదటిది. కొన్నాళ్లకు ఏ ప్రొఫెసర్ గారో ‘నా రీడింగులు ఊగుతున్నాయి’ అని ఉత్తరం రాస్తే ఆ అంతస్తు మొత్తానికి వైఫై పీకేసి, తలుపు మీద ‘సెల్‌ఫోన్లు నిషేధం’ అని కాగితం అంటించడం రెండోది. రెండూ తప్పే. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుండే రెండోది మరీ తప్పు. అది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో లెక్కలతో సహా చెప్పడానికే ఈ లేఖ. (నెట్‌వర్క్ వాళ్ల భాషలో ‘ఏపీ’ అంటే యాక్సెస్ పాయింట్, అంటే ఆ వైఫై డబ్బాయే. రాష్ట్రంతో కలగాపులగం కాకుండా ఇక్కడ పూర్తి పేరే రాస్తున్నాం.)

ముందు లెక్క. యాంటెన్నా లాభం కూడా కలిపిన ప్రసార శక్తిని వాట్లలో తీసుకోండి. 30తో గుణించి, వర్గమూలం తీసి, మీటర్లలో దూరంతో భాగించండి. పరికరం దగ్గర ఎన్ని వోల్ట్/మీటర్ క్షేత్రం ఉందో వస్తుంది. సీలింగుకు బిగించిన యాక్సెస్ పాయింట్ 20 డీబీఎం (100 మిల్లీవాట్లు) పవర్‌తో, 4 డెసిబెల్స్ యాంటెన్నాతో నడుస్తుంటే మొత్తం పావు వాట్. మూడు మీటర్ల కింద బల్ల మీద అది 0.9 వోల్ట్/మీటర్. అదే బల్ల మీద, పరికరానికి అడుగు దూరంలో పెట్టిన ఫోను 4జీలో గట్టిగా ప్రసారం చేస్తే 200 మిల్లీవాట్లు. 30 సెంటీమీటర్ల దగ్గర అది 8 వోల్ట్/మీటర్. అంటే అందరూ వేలెత్తి చూపే సీలింగు డబ్బా కన్నా, ఎవరూ పట్టించుకోని ఫోను తొమ్మిది రెట్లు బలంగా కొడుతోంది.

ఇప్పుడు ఆ గదిలో వైఫై తీసేస్తే ఏమవుతుంది? ఫోన్లు ఇంటికి పోవు, జేబుల్లోనే ఉంటాయి. కాంక్రీటు గోడల వెనక టవర్ సిగ్నల్ అందక, డేటా అంతా ఆ బలహీనమైన లింకు మీదే నడవాల్సి వచ్చి, ప్రతి ఫోనూ గరిష్ఠ శక్తికి వెళుతుంది. ల్యాప్‌టాప్‌కి నెట్ కావాలి కాబట్టి ఎవరో ఒకరు హాట్‌స్పాట్ పెడతారు. అప్పుడు ఒకే ఫోను అటు 4జీ, ఇటు వైఫై రెండూ కక్కుతుంది. ఇంకొకరు ఇంటి నుంచి వెయ్యి రూపాయల రౌటరు తెచ్చి స్పెక్ట్రోమీటర్ పక్కనే, పవర్ పాయింట్ అక్కడే ఉంది కాబట్టి, తగిలిస్తారు. నిషేధం పెట్టిన గదిలో నిషేధానికి ముందుకన్నా ఎక్కువ రేడియో ఉంటుంది, అదీ ఎవరి అదుపులోనూ లేనిది.

పరికరాలు ఎంత తట్టుకుంటాయన్నది కూడా చూడాలి. ప్రయోగశాల పరికరాల విద్యుదయస్కాంత తట్టుబాటుకు ఐఈసీ 61326-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2012 నాటి దాని కూర్పులో సాధారణ పరీక్ష 1 గిగాహెర్ట్జ్ దాకా 3 వోల్ట్/మీటర్. 2 నుంచి 2.7 గిగాహెర్ట్జ్ మధ్య ఒక్క వోల్ట్/మీటరే. ఆ పైన పరీక్షే లేదు. అంటే ఆ కూర్పు ప్రకారం కొన్న పరికరం 5 గిగాహెర్ట్జ్ వైఫై ముందు ఎలా ఉంటుందో తయారీదారు కాగితం ఏమీ చెప్పదు. అందుకే, వైఫై మామూలుగా వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీల్లో ‘2.4 ఆపి 5కి మారితే సమస్య తీరిపోతుంది’ అన్న సలహాను కొలిచి చూడకుండా నమ్మొద్దు. చాలాసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు.

‘మా పీహెచ్ మీటరుకూ గిగాహెర్ట్జ్‌కూ ఏం సంబంధం?’ అన్నది న్యాయమైన ప్రశ్నే. యాంప్లిఫయర్ ఆ పౌనఃపున్యాన్ని పెంచలేదు, నిజమే. కానీ దాని ఇన్‌పుట్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ జంక్షన్ డయోడ్ లాంటిదే. కేబుల్ యాంటెన్నాలా పట్టుకొచ్చిన రేడియో తరంగాన్ని అది రెక్టిఫై చేసి, చిన్న డీసీ వోల్టేజీగా మార్చేస్తుంది. వైఫై ప్యాకెట్లు ఆగి ఆగి వస్తాయి కాబట్టి ఆ డీసీ కూడా లేస్తూ పడుతూ ఉంటుంది. పొటెన్షియోస్టాట్, లోడ్ సెల్, థర్మోకపుల్, మైక్రోబ్యాలెన్స్, న్యూరాన్ల మీద పనిచేసే ప్యాచ్ క్లాంప్ అన్నిటిలోనూ కథ ఇదే. ఫెట్ రకం ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ కన్నా బైపోలార్ రకం ఇన్‌పుట్ ఉన్నది ఎక్కువ బాధపడుతుంది. కేబుల్ చివర షీల్డు అల్లికను విప్పి, మెలిపెట్టి, ఒక తోకలా టెర్మినల్‌కి కట్టే అలవాటు ఉంది చూశారా, అది కరెంటు లైను 50 హెర్ట్జ్‌కి పర్లేదు గానీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర షీల్డు లేనట్టే. చుట్టూతా 360 డిగ్రీలూ బిగిసే కనెక్టర్ వేయడానికి అయ్యే ఖర్చు చాలా చిన్నది. ఇక ఫెర్రైట్ పూసల విషయం: మామూలుగా దొరికేవి కొన్ని వందల మెగాహెర్ట్జ్ దాకానే పనిచేస్తాయి. వైఫై కోసం అవి ఎన్ని తగిలించినా అలంకారమే.

తప్పు వైఫైదేనా కాదా తేల్చడం గంటన్నర పని. పరికరం ఇన్‌పుట్‌ని షార్ట్ చేసి (ప్రోబ్ తగిలించొద్దు, కేబుల్ మాత్రం ఉండాలి) పది నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత డబ్బాలన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే కంట్రోలర్ నుంచి యాక్సెస్ పాయింట్ రేడియోలు మాత్రం ఆపండి, డబ్బాకు కరెంటు ఉండనివ్వండి. మళ్లీ పది నిమిషాలు. ఆ తర్వాత స్విచ్‌లో ఆ పోర్టుకి పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే వచ్చే కరెంటు) కూడా తీసేయండి. మరో పది నిమిషాలు. రేడియో ఆపగానే గోల తగ్గితే అది గాలిలోంచి వస్తోంది. రేడియో ఆపినా తగ్గక, కరెంటు తీశాకే తగ్గితే దోషం రేడియోది కాదు, ఆ డబ్బాలోని పవర్ కన్వర్టరుదో, ఆ నెట్‌వర్క్ కేబుల్ పోయిన దారిదో. ఈ తేడా తెలుసుకోకుండా పవర్ తగ్గిస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. రెండింటికీ తగ్గకపోతే నెట్‌వర్క్ వాళ్లను వదిలేసి లిఫ్టు, ఏసీ, ఎల్‌ఈడీ లైట్ల వైపు చూడండి. ఇదంతా మూడుసార్లు తిరగేసి చేయాలి. ఎప్పుడు ఆన్‌లో ఉందో, ఎప్పుడు ఆఫ్‌లో ఉందో రీడింగు చూసే మనిషికి చెప్పకూడదు. ఇంకొకటి, ఎవరూ వాడని యాక్సెస్ పాయింట్ తన పేరు చెప్పుకోవడం తప్ప పెద్దగా ఏమీ ప్రసారం చేయదు. కాబట్టి పరీక్ష జరుగుతున్నంతసేపూ ఒక ల్యాప్‌టాప్ నుంచి ఐపెర్ఫ్ లాంటిదాంతో ట్రాఫిక్ నడపాలి. ఆదివారం పొద్దున పరీక్షించి ‘ఏమీ లేదు’ అని రిపోర్టు రాస్తే దానికి విలువ లేదు.

రికార్డు చేసినదాన్ని ఎఫ్‌ఎఫ్‌టీ తీస్తే (అందులో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో విడదీసే లెక్క) దొంగ పేరు కూడా బయటపడుతుంది. యాక్సెస్ పాయింట్ తన పేరు చెప్పుకొనే బీకన్ 102.4 మిల్లీసెకన్లకోసారి వస్తుంది, అంటే సెకనుకి 9.77. రికార్డులో 9.77, 19.5, 29.3 హెర్ట్జ్ దగ్గర దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే అది వైఫైయే. పాత 2జీ ఫోనుదైతే 217 హెర్ట్జ్. ఇక్కడో చిక్కు ఉంది. మన క్యాంపస్‌లలో ఒక్కో డబ్బా ఎడ్యురోమ్, స్టాఫ్, స్టూడెంట్స్, గెస్ట్, సీసీ కెమెరాలు అంటూ అయిదు పేర్లు ప్రసారం చేస్తుంటుంది. అయిదు బీకన్లూ సమదూరంలో సర్దుకుంటే సెకనుకి 48.8 దెబ్బలు. తొందరలో చూసేవాళ్లకి అది 50 హెర్ట్జ్ మెయిన్స్ (కరెంటు లైను) గోలలాగే ఉంటుంది, వెంటనే ఎర్తింగ్ తవ్వడం మొదలుపెడతారు. రెండింటినీ విడదీయడానికి కనీసం పది సెకన్ల రికార్డు తీసుకోండి, 0.1 హెర్ట్జ్ తేడా కూడా తెలుస్తుంది. పైగా గ్రిడ్ పౌనఃపున్యం 50కి అటూ ఇటూ మెల్లగా తిరుగుతుంటుంది. బీకన్ క్రిస్టల్ గడియారానికి కట్టుబడి ఉంటుంది కనుక కదలదు.

ఆ అయిదు పేర్ల వల్ల ఇంకో నష్టమూ ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో పాత 1 ఎంబీపీఎస్ వేగం ఆపకుండా వదిలేస్తే 250 బైట్ల బీకన్ ఒక్కటి గాలిలో 2.2 మిల్లీసెకన్లు పడుతుంది. అయిదు పేర్లకు సెకనులో 107 మిల్లీసెకన్లు. ఒక్క మనిషి కూడా వాడకుండానే ఆ డబ్బా నూటికి 11 వంతుల సమయం అరుస్తూనే ఉంటుందన్నమాట. 1, 2, 5.5, 11 వేగాలు ఆపేసి కనీస వేగం 12 ఎంబీపీఎస్‌గా పెడితే అదే పని నూటికి ఒక్క వంతు లోపే అయిపోతుంది. ల్యాబ్ బ్లాకులో పేర్లు రెండు చాలు. మిగతావాటిని ఆ అంతస్తులో ప్రసారం చేయకుండా కంట్రోలర్‌లో గ్రూపు మార్చడం పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

పవర్ విషయానికొద్దాం. సున్నితమైన గదిలో యాక్సెస్ పాయింట్ ఉండాలి, కానీ తలుపు వైపు, పరికరానికి కనీసం మూడు మీటర్ల దూరంలో, 5 గిగాహెర్ట్జ్‌లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, 11 డీబీఎం మించకుండా. పైన చెప్పిన లెక్కే వేస్తే మూడు మీటర్ల దగ్గర 0.9 కాస్తా 0.32 వోల్ట్/మీటర్‌కి పడిపోతుంది. గదిలో పది మందికి అది చాలు. ‘డబ్బాను కారిడార్‌లో పెడదాం, ల్యాబు బయటే కదా’ అనే ఆలోచన మాకు నచ్చదు. గోడ దాటడానికి కారిడార్ డబ్బా పవర్ పెంచాలి, లోపలి ల్యాప్‌టాప్‌లూ గట్టిగా అరవాలి. పరికరం పక్కన ఉండేవి ల్యాప్‌టాప్‌లే.

గరిష్ఠ పవర్‌కి గట్టి హద్దు పెట్టాలని అడగడానికి ప్రత్యేక కారణం ఉంది. కంట్రోలర్లు తమంతట తామే పవర్, ఛానెల్ సర్దుకుంటాయి. పక్క డబ్బా చెడిపోయినా, దాని పోర్టు ఎవరైనా ఆపినా, ఆ ఖాళీ పూడ్చడానికి ఇరుగుపొరుగు డబ్బాలు పవర్ పెంచుతాయి. రాత్రి రెండింటికి అలా పెరిగితే, తెల్లారి రీడింగుల్లో మెట్టు కనిపిస్తే, పరికరం కంపెనీ ఇంజినీరుని పిలిపించి వేలకు వేలు పోస్తారు తప్ప కంట్రోలర్ లాగ్ (జరిగినవి నమోదయ్యే చిట్టా) చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అలాగే దొంగ హాట్‌స్పాట్లను అణచడానికి కంట్రోలర్‌లో ఉండే ‘కంటైన్‌మెంట్’ సదుపాయం ల్యాబ్ బ్లాకుల్లో వాడకండి. అది అణిచేది ‘లింకు తెంచుకో’ అని చెప్పే డీఆథ్ ప్యాకెట్లు ఎడతెగకుండా గుప్పించడం ద్వారానే. దొంగను పట్టుకోవడానికి ఊరంతా డప్పు కొట్టినట్టు. దొంగ రౌటర్లు పోవాలంటే బల్ల బల్లకీ రెండు ఈథర్నెట్ పోర్టులు ఇవ్వండి.

ఆ పోర్టుల్లోనూ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ల్యాబు కదా, మంచిది వేద్దామని షీల్డెడ్ కేబుల్ వేస్తారు. దాని షీల్డు రెండు చివర్లా లోహానికి తగిలి, ర్యాక్ ఎర్తునీ పరికరం ఎర్తునీ కలిపేస్తుంది. ఆ వలయంలో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. ఈథర్నెట్ కార్డులో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఎలాగూ ఉంది కనుక షీల్డు లేని మామూలు యూటీపీ కేబులే మేలు. ప్యాచ్ క్లాంప్, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లాంటివాటికి ఫైబర్ ఇంకా మేలు. కాకపోతే ఫైబర్‌ని మామూలు పోర్టుకి కలిపే మీడియా కన్వర్టర్ అడాప్టరు కూడా గోల చేసే స్విచింగ్ సప్లైయే. దాన్ని పరికరం వెనక పడేయకుండా, పరికరం చుట్టూ ఉండే లోహపు బోనుకి బయట పెట్టండి.

బోను అన్నాం కాబట్టి దాని సంగతీ. ప్యాచ్ క్లాంప్ బల్ల చుట్టూ కోళ్ల గూడు వల చుట్టి ఫారడే కేజ్ అనడం మామూలే. మెయిన్స్ విద్యుత్ క్షేత్రాన్ని అది బాగానే ఆపుతుంది. 12 మిల్లీమీటర్ల కన్నాలున్న వల 2.4 గిగాహెర్ట్జ్‌ని మాత్రం సుమారు 14 డెసిబెల్సే తగ్గిస్తుంది. 5.5 గిగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి ఏడే. అంటే అక్కడ వోల్టేజీ సగానికి కాస్త కిందికి దిగుతుంది, అంతే. కన్నం తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు దాటకూడదని అనుకుంటే 2.4కి 6 మిల్లీమీటర్లు, 5.5కి 2.7. తలుపు అంచున ఆరు సెంటీమీటర్ల సందు ఉంటే వల ఎంత సన్నదైనా లాభం లేదు, ఆ పొడవు 2.4 గిగాహెర్ట్జ్‌కి దాదాపు అర తరంగదైర్ఘ్యం. ఫిల్టర్ లేకుండా ఒక్క యూఎస్‌బీ కేబుల్ లోపలికి దూరినా బోను ఉన్నా లేనట్టే.

ఎన్‌ఎంఆర్ (బలమైన అయస్కాంతంతో అణువుల నిర్మాణం చూసే యంత్రం) గదిలో గొడవ వేరు. 400 మెగాహెర్ట్జ్ యంత్రం ప్రోటాన్లను 400 దగ్గర, కార్బన్-13ని 100.6 మెగాహెర్ట్జ్ దగ్గర వింటుంది. వైఫై దరిదాపుల్లో లేదు. ప్రోబ్ కనెక్టర్ వదులైతే దానికి వినపడేది ఎఫ్‌ఎం రేడియో. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలో ఉంది కదా! అక్కడ మీ సమస్య అయస్కాంతం. అయస్కాంత క్షేత్రం 5 గాస్ ఉండే హద్దు చూపే గీత నేల మీద రంగు టేపుతో వేసి ఉంటుంది. అది చూసి దాటకుండా జాగ్రత్తపడతారు, బాగుంది. కానీ ఆ గీత నిజానికి గుడ్డు ఆకారపు హద్దు, పక్కలకన్నా పైకీ కిందికీ ఎక్కువ దూరం పోతుంది. అందుకే అయస్కాంతానికి సరిగ్గా పైన సీలింగులో యాక్సెస్ పాయింట్ బిగిస్తే దానిలోని ఫెర్రైట్ కోర్లు సంతృప్తమై లింకు తెగుతూ కలుస్తూ ఉండొచ్చు. పై అంతస్తు నేల మీద స్విచ్ ర్యాక్ పెట్టేముందూ ఇది చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యం: కాంట్రాక్టరు కుర్రాడు ఇనుప నిచ్చెన, డ్రిల్లు, క్రింపింగ్ టూలు పట్టుకొని ఆ గదిలోకి పరికరం ఇన్‌ఛార్జ్ లేకుండా వెళ్లకూడదు. ఇది రీడింగుల సంగతి కాదు, ప్రాణాల సంగతి. వర్క్ ఆర్డరులో ఆ గది నంబరు ఎదురుగా అల్యూమినియం నిచ్చెన, ఇన్‌ఛార్జ్ సంతకం అని రాయించండి.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులకూ అంతే, గిగాహెర్ట్జ్ కన్నా 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రమే శత్రువు. పక్క గదిలో నెట్‌వర్క్ ర్యాక్ కోసం పెట్టిన యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే చాలు బొమ్మ అంచులు రంపంలా కనిపించడానికి. గోడ అడ్డుపడుతుందనుకోవద్దు, ఇటుక అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. దూరమే మందు.

సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్లో బిట్ల లాంటివి) మీద పనిచేసే ల్యాబులు ఇప్పుడు దేశంలో పెరుగుతున్నాయి. కేంద్రం 2023లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ తర్వాత ఇంకా పెరుగుతాయి. ఆ క్యూబిట్లు మామూలుగా 4 నుంచి 8 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగ్గా ఆ ఇంట్లోనే కాపురం. వాటిని అతి చల్లగా ఉంచే క్రయోస్టాట్ లోహపు డబ్బాలు బాగానే కాపాడతాయి. బలహీనత బయటి కేబుళ్లలోనూ యాంప్లిఫయర్లలోనూ ఉంటుంది. ఈ గదులకు మాత్రం సలహా తిరగబడుతుంది: ఛానెల్‌ని కంట్రోలర్ ఇష్టానికి వదలకండి, ల్యాబు వాళ్లను అడిగి ఒకటి స్థిరంగా పెట్టండి. లేదా ఆ ఒక్క గదికి 2.4 మాత్రమే ఇవ్వండి.

ఇక 2.4 ఆపే గదుల విషయంలో ఒక హెచ్చరిక. మైనస్ 80 ఫ్రీజర్ల ఉష్ణోగ్రత అలారాల్లో కొన్ని చవక వైఫై చిప్పులతో నడుస్తాయి, వాటికి 5 గిగాహెర్ట్జ్ తెలియదు. రేడియో ఆపిన క్షణం నుంచి అవి నోరు మూసుకుంటాయి. అలారం రాకపోతే అంతా బాగుందనే అనుకుంటారు. కంప్రెసర్ పోయిన రోజున ఏళ్ల తరబడి దాచిన నమూనాలు కరిగిపోయాక తెలుస్తుంది. కాబట్టి ఆపేముందు వారం రోజుల పాటు ఆ డబ్బాకి 2.4లో ఏయే పరికరాలు తగులుకుంటున్నాయో జాబితా తీసి, ఒక్కొక్కదాని యజమానిని కనుక్కొని, వైరుకి మార్చాక ఆపండి.

అనుమానం ఎప్పుడూ వైఫై మీదే పెట్టుకోవద్దని చెప్పడానికి ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు చాలు. 64 మీటర్ల ఆ డిష్‌కి 1998 నుంచీ అప్పుడప్పుడు అంతుబట్టని రేడియో మెరుపులు దొరికేవి. పెరిటాన్లని పేరు కూడా పెట్టారు. 2015లో తేలిందేమిటంటే, అక్కడి మైక్రోవేవ్ ఓవెన్‌ని టైము అయిపోకముందే ఎవరో తలుపు లాగి తెరుస్తున్నారు. మన డిపార్ట్‌మెంట్ల టీ గదుల్లోని ఓవెన్లూ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తాయి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు కూడా 2.4 పట్టీలో గోల చేస్తాయి. వాటిని సెన్సర్ డాంగిల్ పక్కన గుచ్చి వైఫైని తిట్టేవాళ్లు కొల్లలు.

మేం అడిగేది కొద్దిగానే. ప్రతి ల్యాబ్ బ్లాకుకీ ఒక ఎక్సెల్ షీటు: గది, పరికరం, దేనికి సున్నితం, ఇన్‌ఛార్జ్ ఎవరు. దాన్నిబట్టి కంట్రోలర్‌లో ఆ గదులకు వేరే ప్రొఫైల్. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లకూ, ఛానెల్ మార్పులకూ 72 గంటల ముందు ఆ ఇన్‌ఛార్జ్‌లకు మెయిల్. కొత్త పరికరం కొనుగోలు ఫైలు మీద కంప్యూటర్ సెంటర్ సంతకం కూడా ఉండాలి, స్థల నిబంధనలు పరికరం దిగాక కాదు, ముందే చదవాలి.

ఇంకొక్క మాట. ప్రవేశ పరీక్షల రోజుల్లో క్యాంపస్‌లో జామర్లు తెచ్చి పెడుతుంటారు. జామరంటే ఆ పట్టీ అంతా కావాలని నింపే గోల. దాని ముందు వైఫై ఏపాటిది! పరీక్షా కేంద్రం ల్యాబ్ బ్లాకుకి రెండు వందల మీటర్ల లోపు ఉంటే ఆ తేదీలు వారం ముందే ల్యాబులకు చెప్పండి. మూడు రోజుల పాటు నడిచే కొలతను మధ్యలో పారేయడం కన్నా ఆ వారం మొదలుపెట్టకుండా ఉండటం సులువు.

ఇట్లు,
ల్యాబ్ పరికరాలూ క్యాంపస్ నెట్‌వర్కులూ నడిపే సాంకేతిక సిబ్బంది